ఆరు సిలిండర్ల పొగడ్త

“ఒక్కసారి బానెట్ ఎత్తుతారా? ఇంజను చూసి పోతాను.”

కారులో కూర్చున్న పెద్దాయనని ఆ మాట అడగ్గానే, గేటు దగ్గర నిలబడ్డ ఆయన కొడుక్కి పైప్రాణాలు పైనే పోయాయి. అడిగినవాడు పాత కారు కంటపడితే చాలు, వెళ్లే పని మరిచి ఆగిపోయే బాపతు. స్కూటర్‌కి స్టాండు కూడా సరిగ్గా వేయకుండా వచ్చేశాడు.

బానెట్ ఎత్తితే కనిపించేది ఖాళీ గుంత. నాన్న గుండె ఆపరేషన్‌కి ఎక్కడా అప్పు పుట్టక, ఆయన ఆస్పత్రిలో ఉండగానే కొడుకు ఇంజను ఊడదీయించి అమ్మేశాడు. ఈ సంగతి తెలిస్తే, బాగుచేయించిన గుండె కాస్తా ఆగిపోతుందని అతని భయం. ఆయన్ని కారు నడపొద్దని డాక్టరు చెప్పడంతో కొడుకు బతికిపోయాడు. పెద్దాయన సాయంత్రం పూట స్టీరింగ్ ముందు కూర్చుని, దారిన పోయేవాళ్లకి ఇంజను కబుర్లు చెప్పుకోవడమే ఇప్పుడు మిగిలింది.

“నాలుగు సిలిండర్లాండీ?”

“నాలుగా! ఆరు, నాయనా. టాప్ గేర్లో మనిషి నడకంత మెల్లగా పోయినా మూలగదు,” అన్నాడు పెద్దాయన మీసం దువ్వుకుంటూ.

“అయితే చూసి తీరాల్సిందే!”

“బానెట్ బిగుసుకుపోయిందండీ, రాదు,” అన్నాడు కొడుకు.

“నా దగ్గర స్క్రూడ్రైవర్ ఉంది లెండి. అది సరే, బండి ముక్కు ఇంత పైకి లేచిందేమిటి? లోపల బరువే లేనట్టుంది!”

“ముందువైపు స్ప్రింగులు కొత్తవి వేయించాం, ఇంకా దిగలేదు,” అన్నాడు పెద్దాయన తడుముకోకుండా. “బానెట్ మీద చెయ్యి వేయకు నాయనా. పాలిష్ ఇప్పుడే పెట్టాం, ఆరలేదు.”

పాలిష్ మాట వినగానే ఆ మనిషి నిప్పు తాకినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కారుని కళ్లారా ఇంకోసారి చూసుకుని, స్కూటరెక్కి వెళ్లిపోయాడు.

కొడుకు మెల్లగా కారు దగ్గరికొచ్చాడు.

“కొత్త స్ప్రింగులు ఎప్పుడు వేయించాం నాన్నా?”

పెద్దాయన స్టీరింగ్ మీంచి చేతులు తీసి కొడుకు భుజం మీద వేశాడు.

“నీకు అబద్ధమాడ్డం చేతకాదురా. నాకు తెలిసిపోయిందంటే నువ్వెక్కడ కుమిలిపోతావో అని, ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు మొదలు ఆ లేని ఇంజనుని పొగడలేక చస్తున్నాను!”