పెట్టె అడుగున నూలు గుడ్డ

“ఇది గుడ్డ కాదు సార్, యూరియా సంచి.”

మెరిసే నీలం జెర్సీని దాదాబీ బల్ల మీద పడేసింది. బడిలో ఆటలు నేర్పే జయరాం సార్‌కు నవ్వొచ్చింది.

“పెద్ద పెద్ద ఆటగాళ్ళంతా పాలిస్టరే వేస్తారమ్మా. చెమట తొందరగా ఆరిపోతాది. కాటన్ అయితే తడిసి బరువెక్కుతాది.”

“వాళ్ళ ఒళ్ళు వాళ్ళది. నా బిడ్డ ఒళ్ళు చూసినారా? చంకల కింద, నడుం చుట్టూ పొక్కులే. పోయిన తూరి ఐదో రౌండులో మంట తట్టుకోలేక కూలబడింది. నేను ఉరికొచ్చేసరికి కండ్లు తేలేసి ఉండాది!”

“అప్పుడు నేను నిమ్మకాయ నీళ్ళు తాగుతాంటి కదమ్మా,” అని పక్కనుంచి గొణిగింది ఇఫ్రా.

“నువ్వు ఊరుకో.”

దాదాబీ అంతే. కూతురు తుమ్మితే నిమోనియా అనుకుంటుంది. బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే యాడనో బోల్తా పడిందనుకుంటుంది. మూడేళ్ళ కింద తన ఎదలో నొప్పి వస్తే పని అయిపోయిందనుకొని ఇంట్లో అందరికీ అప్పగింతలు చెప్పేసింది. తీరా చూస్తే గ్యాసు. ఇంత భయస్తురాలు సార్ ముందర మాత్రం కదలకుండా నిలబడింది.

“ఎల్లుండి కదిరిలో మూడువేల మీటర్ల సెలెక్షన్. మొదటి ఇద్దరినే జిల్లాకు తీసుకుంటారు. మన బడి పిల్లలంతా నీలంలో ఉండల్ల. నీలం కాటన్ దొరికితే కుట్టుకోండి, వద్దనను. దొరక్కపోతే ఇదే వెయ్యల్ల. ఇదీ వద్దంటే పాపను ఇంట్లోనే పెట్టుకోండి,” అన్నాడు సార్. దొరకదని ఆయనకు తెలుసు.

“కుడతా సార్. మా నాయన దూది ఏకినోడు. నూలంటే ఏందో నాకు చెప్పల్సిన పని లేదు.”

మరుసటి రోజు పొద్దున్నే ముదిగుబ్బ బజారులో ఓబుళేసు అంగడికి పోయింది.

“ప్యూర్ కాటన్ అక్కా, కండ్లు మూసుకొని తీసుకో,” అన్నాడు ఓబుళేసు.

ఆమె కండ్లు మూసుకోలేదు. అంచులోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల గీసింది. పోగు ముడుచుకొని నల్లటి ముద్దయింది. ప్లాస్టిక్ వాసన గుప్పుమనింది.

“నూలయితే కాగితం మాదిరి కాలి బూడిదయితాది ఓబుళేసన్నా. ఇదేమప్పా, ఉండ కట్టింది?”

“ఈ కాలంలో అంతా కలిపిందే అక్కా. అచ్చం నూలు కావల్లంటే అనంతపురం పోవల్ల.”

ఇంకో రెండు అంగళ్ళలోనూ అదే వాసన. అగ్గిపెట్టె సగమైంది. అనంతపురం పోయి వచ్చేసరికి పొద్దు గూకుతుంది, ఇంక కుట్టేదెప్పుడు? దాదాబీ ఎండలో కాసేపు నిలబడి, మళ్ళీ ఓబుళేసు దగ్గరికే వచ్చింది.

“నీలం రంగు పొట్లం ఉండాదా?”

“రంగు ఉండాది. గుడ్డ యాడిది?”

“గుడ్డ ఉండాది.”

ఇంట్లో ఇనుప పెట్టె తీసింది. అడుగున పాత చీరలో చుట్టిపెట్టిన తెల్లటి నూలు గుడ్డ, అంచులో సన్నటి ఆకుపచ్చ గీత. ఆడబిడ్డ ఆరీఫా అంత దూరం నుంచి మోసుకొచ్చి ఇచ్చింది. ఏడాదికొకసారి ఎండకు ఆరేసి, ఎవరినీ ముట్టనీకుండా మళ్ళీ మడిచి పెడుతుంది దాదాబీ.

“అమ్మా, అది వద్దు! నా పెళ్ళికని కదా దాచినావు?” అనింది ఇఫ్రా.

“ఎవరు చెప్పినారు?”

“పక్కింటి హనుమక్క అనింది.”

“హనుమక్కకు పనేముండాది? పొయ్యి మీద నీళ్ళు పెట్టు. ఉప్పు తే.”

రంగు నీళ్ళు కాగినాయి. గుడ్డను రెండు చేతులా పట్టుకొని కాసేపు నిలబడింది దాదాబీ. మళ్ళీ తెల్లగా కాదు. తర్వాత “బిస్మిల్లా” అని ముంచేసింది.

ముదిగుబ్బ ఎండకు గంటలో ఆరింది. మధ్యాహ్నానికి మిషను ఎక్కింది. సాయంత్రానికి వదులు చొక్కా, వదులు పైజామా తయారు. చంకల కింద గాలాడే మాదిరి ఎక్కువ గుడ్డ వదిలింది. కుట్లు ఒరుసుకోకుండా లోపలికి మడిచింది.

కదిరి మైదానంలో ఆమె నీళ్ళ క్యాను పట్టుకొని గీత పక్కనే నిలబడింది. రౌండుకొక దువా చేసింది. బిడ్డ కాలు విరుగుతుందనుకొనింది. వడదెబ్బ తగులుతుందనుకొనింది. అంబులెన్సు ఏ గేటు నుంచి రావల్లనో కూడా చూసిపెట్టుకొనింది.

ఐదో రౌండు వచ్చింది. ఇఫ్రా వీపు తడిసి నల్లబడింది. గాలికి చొక్కా ఉబ్బింది. బిడ్డ చెయ్యి ఒక్కసారి కూడా గోక్కోవడానికి పోలేదు. ఆరో రౌండు. ఏడు. చివరి మలుపులో ఇద్దరిని దాటింది.

రెండో స్థానం!

జయరాం సార్ వచ్చినాడు. “అమ్మా... మన బడిలో అంజలికి కూడా ఒళ్ళంతా పొక్కులే. గుడ్డ మిగిలిందా?” అన్నాడు.

“మిగిలింది. అంతా వాడేస్తా సార్.”

కదిరిలోనే కాపురముండే ఆరీఫా, మేనకోడలి పరుగు చూడ్డానికి వచ్చింది. పిల్లను గట్టిగా వాటేసుకొనింది. చొక్కా అంచు దగ్గర ఆమె వేళ్ళు ఆగిపోయినాయి. నీలంలో కూడా సన్నటి గీత కనపడుతోంది. దాదాబీని పక్కకు లాగింది.

“వదినా, ఇది నేను మక్కా నుంచి తెచ్చిన గుడ్డ కదా! నువ్వే కదా ఏడ్చి తెప్పించుకొనింది! దేనికి తెప్పించుకుంటివి, దేనికి చేస్తివి! రేపు నీకెట్ల?”

దాదాబీ కూతురి వైపు చూసింది. ఇఫ్రా క్యాను ఎత్తి గటగటా తాగుతోంది. ఇప్పటికీ చెయ్యి నడుం దగ్గరికి పోలేదు. దాదాబీ పకపకా నవ్వింది.

“నన్ను పాలిస్టర్‌లోనే చుట్టి పూడ్చండి ఆరీఫా, ఆ పొద్దు నాకు చెమట పట్టదు.”