నాలుగు వారాల కాపలా

నీటి సంచి విప్పబోతున్న డాక్టరమ్మకి ఎవరిదో చెయ్యి అడ్డొచ్చింది.

"వాటిని ఇందులో వదలకండమ్మా."

పన్ను నొప్పితో వచ్చిన పేషెంటు. అరవై దాటిన మనిషి. దవడ వాచిపోయి ఉంది. అయినా నొప్పి సంగతే మరిచిపోయినట్టు సంచిలోని చేపలకేసి చూస్తున్నాడు.

ఆ పళ్ళ ఆస్పత్రి హాల్లో గోడ పొడుగునా ఉప్పునీటి అక్వేరియం ఉంది. అందులో పదకొండేళ్ళుగా ఒక నారింజరంగు చేప ఉంటోంది. అందరూ దాన్ని తాతగారు అంటారు. కుర్చీ ఎక్కనని మారాం చేసే పిల్లలు తాతగారిని చూశాకే ఏడుపు ఆపుతారు.

తాతగారికి తోడుగా ఉంటాయని డాక్టరమ్మ రెండు చిన్న చేపలు తెప్పించింది. నీలం ఒళ్ళు, పసుపు తోక. ముట్టుకుంటే మాసిపోయేలా ఉన్నాయి.

"ఎందుకు వదలకూడదు?" అంది.

ఆయన కుడి చెవి ఆమె వైపు తిప్పాడు. ఆమె గొంతు పెంచి మళ్ళీ అడిగింది.

"దారిలో ఏ జబ్బు తగిలించుకున్నాయో పైకి తెలియదు. నాలుగు వారాలు విడిగా ఉంచాలి. లేకపోతే మీ పాత చేప కూడా దక్కదు."

"విడిగా అంటే ఎక్కడ పెట్టను?"

"ముందు నా పన్ను పీకండి. గంటలో తొట్టె నేను తెస్తా."

అన్నట్టే, నోట్లో దూది ఉండగానే, గాజు తొట్టె చంకన పెట్టుకుని తిరిగొచ్చాడు. స్టోర్ రూములో కిటికీ పక్కన సర్దాడు. పెద్ద అక్వేరియంలోంచి నీళ్ళు తోడి పోశాడు. ఇసుక లేదు, రాళ్ళు లేవు. బుడగలు వదిలే చిన్న మోటారు, దాక్కోవడానికి ఒక పైపు ముక్క. అంతే.

"మీరు చేపల డాక్టరా?"

"కాదమ్మా. చాలా చేపల్ని చూశాను."

ఏదో చేపల షాపు నడిపిన మనిషి కాబోలు అనుకుంది ఆమె.

మర్నాటి నుంచి రోజూ మధ్యాహ్నం వచ్చేవాడు.

ఐదో రోజున ఆ నీలం ఒంటి మీద ఉప్పురవ్వల్లా తెల్లచుక్కలు లేచాయి. డాక్టరమ్మ కంగారుపడింది. ఆయన మాత్రం తాపీగా మందు కొలిచి నీళ్ళలో కలిపాడు. కొలతలు కాగితం మీద రాసి తొట్టెకి అంటించాడు.

రెండిట్లో చిన్నది తిండి మానేసింది. ఆయన స్టూలు వేసుకుని దాని ఎదురుగా కూర్చున్నాడు.

రిసెప్షన్‌లో అమ్మాయి తొంగిచూసి నవ్వింది. "ఏం బాబాయ్‌గారూ, దానికి కబుర్లు చెబుతున్నారా?"

"విడిగా పెట్టాలిగానీ వదిలెయ్యకూడదమ్మా. ఎదురుగా ఒకళ్ళుండాలి."

ఆ మధ్యాహ్నాలు అదోలా ఉండేవి. కిటికీ ఎండ నీళ్ళలోంచి దూరివచ్చి గోడ మీదా, మందుల పెట్టెల మీదా, ఆయన చొక్కా మీదా అలలుగా కదిలేది. గది మొత్తం ఎక్కడో నీళ్ళ అడుగుకి దిగిపోయినట్టుండేది. పేషెంటుకీ పేషెంటుకీ మధ్య డాక్టరమ్మ వచ్చి తలుపుకి ఆనుకుని నిలబడేది. ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలిసేది కాదు.

తొమ్మిదో రోజున చిన్నది ఆయన వేలికొస నుంచి మేత అందుకుంది. ఆయన నవ్వగా చూడటం ఆమెకి అదే మొదలు.

ఇంకో వారానికి చుక్కలు పోయాయి. మందు ఆపేశాడు.

మూడో వారం చివర డాక్టరమ్మ చిన్న వల పట్టుకుని వచ్చింది.

"బాగైపోయాయిగా. ఇవాళ కలిపేద్దాం."

"ఇంకో వారం ఆగుదామమ్మా. మందు ఆపాక మళ్ళీ వస్తుందేమో చూడాలి."

"ఎన్నాళ్ళండీ ఈ చాదస్తం? ఇది నా ఆస్పత్రి, మీ ఇల్లు కాదు."

మాట జారాక ఆమెకే నొచ్చింది. కానీ వెనక్కి తీసుకోలేదు.

ఆయన స్టూలు గోడవారకి జరిపాడు. "ఏడు రోజులే" అని మెల్లగా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఎందుకో ఆమెకి వల నీళ్ళలో పెట్టబుద్ధి కాలేదు.

మర్నాడు ఆయన రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

ఆయన చెప్పిన ఏడింట్లో ఆరో రోజున చిన్నదాని రెక్క మీద తెల్లచుక్క మళ్ళీ లేచింది.

అవతల హాల్లో ఎవరో పసిపిల్ల తాతగారిని చూసి కిలకిలా నవ్వుతోంది.

కాగితం చూసుకుంటూ మందు తనే కలిపింది. మధ్యాహ్నం క్యారియర్ తెచ్చుకుని స్టూలు మీద తనే కూర్చుంది. మెట్ల మీద అడుగుల చప్పుడైతే తలెత్తేది. పన్ను పీకించుకున్న రోజు ఆయన రాసిచ్చిన నంబరుకి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు.

మళ్ళీ ఒకటో రోజు నుంచి లెక్కపెట్టి, నాలుగు వారాలూ నిండాకే రెండిటినీ పెద్ద అక్వేరియంలో వదిలింది. తాతగారు వాటి చుట్టూ ఒకసారి తిరిగి, పక్కకి జరిగి చోటిచ్చారు.

ఆ వారమే ఒకామె వచ్చింది.

"మా నాన్న తొట్టె ఇక్కడుందటండీ."

"ఆయనేరి?"

"పోయారండి. నెల దాటింది. ఊపిరితిత్తులు ఎప్పుడో పాడయ్యాయి. మీ దగ్గరికి రావాలని లేవబోయేవారు. చేతకాలేదు."



"నా గురించి ఏమైనా అన్నారా?"

"లేదండి. చిన్నది తింటోందో లేదో అనేవారు."

ఇద్దరూ అక్వేరియం ముందు నిలబడ్డారు. చిన్నది మేత కోసం పైకొచ్చింది.

"ఇలా ఎన్నిటిని బతికించారో మీ నాన్నగారు" అంది డాక్టరమ్మ.

కూతురు చేపలకేసి చూస్తూనే అంది. "బతికించడం ఆఖరి రెండేళ్ళేనండి, అంతకుముందు ముప్ఫై ఏళ్ళు సముద్రం అడుగుకి మునిగి, ఇలాంటివాటిని పట్టి అమ్ముకున్నది కూడా మా నాన్నే."