నాణెం మీది మొహం

టంకశాల తలుపు బద్దలుకొట్టి రోము సైనికుడు లోపలికొచ్చాడు. చేతిలో నెత్తురోడుతున్న గోనెసంచి.

"మీ మూణ్ణాళ్ల చక్రవర్తి గెమెల్లస్ తల ఇదిగో! రోము మీదే తిరగబడతాడా? వాడి అచ్చులన్నీ పగలగొట్టెయ్!"

అచ్చులు చెక్కే విటాలిస్ సుత్తి అందుకున్నాడు. "ఎక్కడ దొరికాడండీ?"

"చేపల సంతలో. 'నేను జాలరినయ్యా' అని కాళ్లావేళ్లా పడ్డాడు. భలే వేషగాడు!"

విటాలిస్ చేయి ఆగింది. "మరి... ఎలా గుర్తుపట్టారు?"

"నీ నాణెం చూసే! అదే వంకర ముక్కు, అదే గడ్డం. ఒక్క వేటుకు నరికేశాను."

విటాలిస్ ఏనాడూ గెమెల్లస్‌ను చూడలేదు. తెల్లారేసరికి నాణేలు కావాలని అతని మనుషులు కత్తి చూపిస్తే, చేపలమ్మే తమ్ముణ్ణి ఎదుట కూర్చోబెట్టుకుని ఆ మొహం చెక్కాడు.

"రా, నువ్వే పోల్చి చూడు" అంటూ సైనికుడు సంచి మూతి విప్పాడు.