పదకొండో మంచం

నర్సింగు పరీక్షకి ముందురోజు సాయంత్రం నోటీసు బోర్డు మీద ఎవరికి ఏ పేషెంటో మంచాల నంబర్లు అంటించారు. సువార్తకి పదకొండో మంచం వచ్చింది. ఆ పిల్ల అక్కడే నిలబడి కళ్లనీళ్లు పెట్టుకుంది. సంతోషంతోనే.

పదకొండో మంచం అంటే పాపాయమ్మ. డెబ్బై ఏళ్లుంటాయి. షుగరు వల్ల కాలికి పుండు పడి, కోడూరు నుంచి బందరు వచ్చి ఆసుపత్రిలో చేరి ఇరవై రోజులయింది. నోరు మూత పడదు. నర్సింగు పిల్లలందరిలోకీ సువార్తంటే ఆవిడకి ప్రాణం. ఇద్దరిదీ దివిసీమే మరి. పులిగడ్డ వంతెన అవతల పుట్టినవాళ్లందరూ పాపాయమ్మ దృష్టిలో చుట్టాలే.

సువార్త ప్రాక్టికల్స్ చెయ్యడం ఇది రెండోసారి. ఆరు నెలల కిందట ఆమెకి దొరికిన పేషెంటు, డ్రెస్సింగు మొదలుపెట్టకముందే "చంపేస్తోంది బాబోయ్" అని వార్డు దద్దరిల్లేలా అరిచాడు. బెజవాడ నుంచి వచ్చిన పరీక్షల మేడం కళ్లద్దాల మీదుగా ఒక్క చూపు చూసింది. ఆ చూపుకి సువార్త చేతిలోని ఫోర్సెప్స్ కింద పడ్డాయి. మార్కులూ వాటితోపాటే పోయాయి.

ఈసారి కూడా తప్పితే చదువు కట్టిపెట్టి, నాగాయలంకలో రొయ్యల షెడ్డులో అమ్మ పక్కన కూర్చోవాలి. ఐసులో నానిన రొయ్యలు వలిచీ వలిచీ అమ్మ వేళ్లు ఒరుసుకుపోయాయి. కూరలో కారం తగిలితే మంట పుడుతుందని చెంచాతో తింటోంది. తన వేళ్లు చూసుకున్నప్పుడల్లా సువార్తకి ఆ చెంచా గుర్తొచ్చి భయం వేసేది.

ప్రాక్టికల్స్ ముందు నర్సింగు పిల్లలు చదివే అసలు చదువు ఒకటుంది. అది పుస్తకాల్లో ఉండదు. పళ్లో, బ్రెడ్డో పట్టుకెళ్లి పేషెంటుని మంచి చేసుకోవడం, మేడం అడిగితే ఏం చెప్పాలో నేర్పడం. ఈ సంగతి టీచర్లకీ తెలుసు. వాళ్లూ అలా గట్టెక్కినవాళ్లే.

సువార్త నాలుగు బత్తాయిలు పట్టుకెళ్లింది. షుగరు మనిషికి తియ్యటి పళ్లు తెచ్చే నర్సుకి సగం మార్కులు ఇక్కడే పోయాయని పాపాయమ్మ వెక్కిరించింది. పక్క మంచం మాణిక్యమ్మ పడీపడీ నవ్వి, ఆ పళ్లు తన దిండు కింద దాచుకుంది.

తర్వాత సాధన మొదలైంది. ఉత్తుత్తి ట్రే, ఉత్తుత్తి కట్టు. సువార్త వరస అప్పజెబుతూ చేస్తుంటే పాపాయమ్మ ఓ కంట కనిపెట్టి చూసింది. మొదటిసారి చేతులు కడుక్కోవడం మర్చిపోయిందని పట్టుకుంది. రెండోసారి తెర లాగలేదని పట్టుకుంది. మూడోసారి ఏ తప్పూ దొరక్క కాస్త నిరాశపడింది కూడా.

వెళ్లబోతూ సువార్త మంచం అంచున కూర్చుంది.

"మామ్మా, రేపు ఎంత నొప్పున్నా నొప్పి లేదనే చెప్పాలి. పరీక్ష అయ్యేదాకా మూలగకూడదు. నీ కాళ్లు పట్టుకుంటా."

"ఎలాగూ పట్టుకునేది నా కాలేగా," అంది పాపాయమ్మ. "చిన్న మూలుగు కూడా రానివ్వనే. ఇదిగో, ఒట్టు." చేతిలో చెయ్యి వేసింది.

మర్నాడు పొద్దున్నే ఎండ మండిపోతోంది. కరెంటు లేదు. సువార్త వెళ్లేసరికి పాపాయమ్మ గోడకి ఆనుకుని బుద్ధిగా కూర్చుని ఉంది. ఒక్క కబురూ చెప్పలేదు, ఒక్క వెక్కిరింతా లేదు. చెప్పిన మాట ఎంత శ్రద్ధగా వింటోందో అని సువార్తకి ముద్దొచ్చింది. ఆవిడ మొహం నిండా చెమట. తడిగుడ్డతో తుడిచింది. బీపీ చూడబోతే, ఎడమ చెయ్యి వద్దులే అంటూ పాపాయమ్మ కుడి చెయ్యి చాపింది. నాడి గబగబా కొట్టుకుంటోంది. తనకే ఇంత దడగా ఉంటే పాపం ఈవిడకి ఉండదా అనుకుని, ఆ అంకె అలాగే రాసింది.

డ్రెస్సింగు చక్కగా కుదిరింది. ఈసారి ఫోర్సెప్స్ జారలేదు. మేడం వంగి కట్టు చూసింది. తర్వాత పాపాయమ్మని అడిగింది.

"నొప్పిగా ఉందామ్మా?"

పాపాయమ్మ పెదవులు బిగించి తల అడ్డంగా ఊపింది. "ఎక్కడా లేదండి. ఈ పిల్ల చెయ్యి తగిలితే హాయిగా ఉంటదండి."

సువార్త చార్టులో 'నొప్పి లేదు' అని గుండ్రటి అక్షరాలతో రాసింది. మేడం గుడ్ అని, వెనక బిల్డింగులో వైవాకి వెళ్లమంది.

ఒంటిగంటకి వైవా అయింది. పాసయినట్టేనని టీచరు చెవిలో చెప్పింది. సువార్త వార్డుకి పరుగెత్తుకొచ్చింది.

పదకొండో మంచం చుట్టూ తెర లాగి ఉంది. పరీక్షల మేడం మెట్లు దిగుతుండగానే పాపాయమ్మ పక్కకి ఒరిగిపోయిందని, డాక్టరు వచ్చేసరికి గుండె ఆగిపోయిందని ఆయా చెప్పింది. కొడుక్కి కబురు వెళ్లిందట.

సువార్త ఆ చల్లటి చెయ్యి పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. సొంత మామ్మ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. దుప్పటి కింద నుంచి కాలు కనిపిస్తోంది. పొద్దున తను కట్టిన కట్టు మీద ఒక్క మరక లేదు.

ఏ బాధా పడకుండా పోయింది, అదృష్టవంతురాలని ఆయా ఓదార్చింది. సువార్త తల ఊపింది. తన చేత్తో 'నొప్పి లేదు' అని రాసిన చార్టు మంచం కాళ్ల దగ్గరే వేలాడుతోంది. అది చూసి మనసు కాస్త కుదుటపడింది.

అప్పటిదాకా గోడవైపు తిరిగి పడుకున్న మాణిక్యమ్మ మెల్లగా లేచి కూర్చుని, "తెల్లారుజాము నుంచీ గుండెల్లో మెలిపెడుతోందని నాతో అంది గానీ, నీ పరీక్ష అయ్యేదాకా మూలగనని ఒట్టు పెట్టానంటూ, నన్ను డాక్టర్ని పిలవనివ్వలేదమ్మా," అంది.