జుఫైర్‌లో మంచుకొండ

"నాతోని అయితలేదు సారూ," అన్నాడు నర్సింలు, పదకొండో అంతస్తులో రామ్‌ప్రసాద్ ఫ్లాటు ద్వారబంధం పట్టుకుని. చొక్కా చెమటకు ఒంటికి అంటుకుపోయింది. మెట్ల దారిలో ఏసీ ఉండదు, బయట జులై ఎండ.

రామ్‌ప్రసాద్ సోఫాలోంచి లేవకుండానే ఫోన్ చూశాడు. "ఎనిమిదిసార్లు ఎక్కేశావు కదయ్యా. ఇంకో ఐదు. ఆ తర్వాత శిఖరమే."

బహ్రెయిన్ అంతా గాలించినా మంచు ఐస్ ఫ్యాక్టరీలో తప్ప దొరకదు. ఈ శిఖరం వాచీలో ఉంది. సారు ఆఫీసువాళ్లు అందరికీ వాచీలిచ్చి పందెం పెట్టారు. శుక్రవారం పొద్దు గూకేలోగా, తోడు లేకుండా, పదమూడు వందల మీటర్ల ఎత్తు మెట్లెక్కితే ఆల్ప్స్ మంచుకొండ ఎక్కినట్టే. జుఫైర్ పేటలోని ముప్పై రెండు అంతస్తుల ఈ బిల్డింగును పదమూడుసార్లు ఎక్కితే సరి, దిగడానికి లిఫ్టు వాడుకోవచ్చు. ఎక్కాల్సింది సారు. వాచీ మాత్రం బిల్డింగు క్లీనరు నర్సింలు చేతికుంది. సొమ్మొకడిది సోకొకడిది అంటారు. ఇక్కడ కాళ్లొకడివి, కొండొకడిది.

"మరి నా ఛుట్టీ సంగతి సారూ..."

"మీ కంపెనీ మేనేజరు నా మాట కాదనడు. ఆదివారం ఫోన్ చేసి నెల్రోజులు సెలవు ఇప్పిస్తా. వెళ్లి పాపను చూసుకుని రా. ముందు నేను గెలవాలి కదా?"

నర్సింలు లిఫ్టు వైపు నడిచాడు. కూతురికి మూడేళ్లు. ఇప్పటిదాకా ఫోన్లో తప్ప చూడలేదు. దాన్ని ఒక్కసారి ఎత్తుకోవడానికి నిజం మంచుకొండ అయినా ఎక్కుతాడు.

తొమ్మిదోసారి అంతస్తు అంతస్తుకూ ఆగాడు. పదోసారి గోడ పట్టుకుని ఎక్కాడు. రొమ్ములో రోకలి పెట్టి దంచుతున్నట్టుంది. ఇరవయ్యో అంతస్తులో వాచీ గుర్రుమంది. తెల్లకొండ బొమ్మ పోయి ఎర్రటి గుండె బొమ్మ వచ్చింది. కింద ఏదో ఇంగ్లీషు రాత.

నర్సింలుకు ఇంగ్లీషు రాదు కానీ ఆ బొమ్మ తెలుసు. పెళ్లాం వాట్సాప్‌లో రోజూ పంపేది అదే. తను ఎక్కడమంతా సారు ఫోన్లో చూస్తున్నాడు కదా, మెచ్చుకుని పంపాడనుకున్నాడు.

"మంచిది సారూ," అంటూ వేలితో నొక్కాడు. బొమ్మ మాయమైంది.

పదకొండోసారి మూడు గుండెలొచ్చాయి. పన్నెండోసారికి లెక్కే లేదు. ఇంత మంచి మనసున్న సారు దొరకడం అదృష్టం అనుకుంటూ, వచ్చినదాన్నల్లా నొక్కేసి ఎక్కాడు.

కింద వాచ్‌మన్ మంగరాజు కంగారుపడ్డాడు. "ఏంటి నర్సింలూ, మొహం అలా పాలిపోయింది? కాసేపు కూచో."

"కూసుంటే లేవలేను రాజన్నా. ఇంకొక్కసారే ఉన్నది."

ఆఖరిసారి చివరి మెట్లు చేతులానించి పాకుతూ ఎక్కాడు. వాచీలో చిన్న మనిషి మంచులో జెండా పాతాడు. నర్సింలు డాబా మీద కూలబడి ఏడ్చాడు. అది అలసటో, బిడ్డ మీద బెంగో అతనికే తెలియలేదు.

వాచీ ఆ సాయంత్రమే సారు తీసేసుకున్నాడు. ఆదివారం ఏ కబురూ రాలేదు. సోమవారం సాయంత్రం డ్యూటీ అయ్యాక కాళ్లీడ్చుకుంటూ పదకొండో అంతస్తుకు పోతే ఫ్లాటుకు తాళం. కిందికొచ్చాడు.

"రాజన్నా, రామ్‌ప్రసాద్ సారు యాడికి పోయిండు?"

"పొద్దున్నే ఎళ్లిపోయారు. సామానంతా ఆయనే మోసుకుంటూ భలే హుషారుగా ఎళ్లారు. పందెంలో ఫస్టొచ్చారంట కదా."

"నా సంగతి ఏమన్న జెప్పిండా?"

"నీ సంగతేం లేదు. ఆయన చేతికుండే ఆ వాచీ లేదూ, అందులో ఎర్ర గుండె కనబడితే డేంజరంట. వెంటనే కూచోమని అర్థమంట. శుక్రవారం పది పదిహేనుసార్లు వచ్చిందంట. అదంతా ఆఫీసోళ్ల కంప్యూటర్లో పడింది."

నర్సింలు చేయి మెల్లగా రొమ్ము మీదికి పోయింది.

"ఆళ్లు హడలిపోయారు. గుండె బాగా అలిసిపోయింది, ఇంక ఒక్క మెట్టు కూడా ఎక్కొద్దని చెప్పి, నెల్రోజులు సెలవిచ్చి సారుని ఊరికి పంపేశారు."