కిటికీ దగ్గరి గంట

గంట ఖణేల్మని మోగింది.

"మళ్ళీ నేనే!" అన్నాడు తాత, వాకర్ మీద వాలి రొప్పుతూ.

ఒక్క అడుగు వెనకే, తన బుల్లి వాకర్ పట్టుకుని ఆగిపోయిన పిడుగు ముఖం కందగడ్డలా అయింది. తల్లికి ఒళ్ళు మండిపోయింది.

పిడుగు అసలు పేరు కాదు. ఆ అయిదేళ్ళ పిల్ల నోరు చూసి ఆసుపత్రివాళ్ళు పెట్టుకున్న పేరు. పుట్టుకతోనే మోకాళ్ళు వంగి బిగుసుకుపోయాయి. ఆపరేషన్ అయింది, కట్లు విప్పారు, కాళ్ళకు లోహపు పట్టీలు బిగించారు. ఇక నడవడమే మిగిలింది.

"ఇప్పుడు నడవకపోతే కీళ్ళు మళ్ళీ బిగుసుకుంటాయమ్మా," అంది వ్యాయామం చేయించే డాక్టరమ్మ, తన చక్రాల స్టూలు మీదినుంచే.

పిల్ల ససేమిరా అడుగు వెయ్యనంది.

అప్పుడు ఎక్కణ్ణుంచో ఊడిపడ్డాడు ఈ తాత, తనకూ కాళ్ళు పట్టేశాయంటూ! హాల్లో ఈ చివరనున్న నిలువుటద్దం దగ్గర బయలుదేరి, ఆ చివర కిటికీకి వేలాడే గంటను ముందు ఎవరు కొడితే వాళ్ళదే గెలుపన్నాడు. ఆనాటి నుంచి రోజూ పందెం. రోజూ ఆయనదే గెలుపు, అదీ ఒక్క అడుగు తేడాతో. పైగా వెక్కిరింపులు.

"నత్తలకి నీ దగ్గర ట్యూషన్ పెట్టించాలే!"

"ఆగు తాతా, నీ పని పడతా!"

ఇవాళ తల్లి ఉండబట్టలేకపోయింది.

"ఏమండీ, పసిపిల్ల చేతిలో ఒక్కసారి ఓడిపోతే మీ సొమ్మేం పోయింది? ఇంత వయసొచ్చింది, సిగ్గుండక్కర్లా?"

"ఓడించమనండి, ఓడిపోతా," అని నవ్వాడాయన.

డాక్టరమ్మ తల వంచుకుంది.

"అమ్మా, నువ్వుండు!" అని అరిచింది పిడుగు. "తాతా, ఇంకో ఆట!"

ఇద్దరూ అద్దం దగ్గర నిలబడ్డారు. వాకర్లు టకటకలాడాయి. సగం దారికి తాత ముందు. పిడుగు పళ్ళు బిగించింది. హాల్లో ఉన్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు. "వెయ్యవే తల్లీ, వెయ్యి!" తల్లి తనకు తెలియకుండానే కేకలు పెడుతోంది. తాత చెయ్యి గంట వైపు లేచింది.

ఖణేల్!

కొట్టింది పిడుగు!

ఇక ఆపితేనా? కొడుతూనే ఉంది. చప్పట్లతో హాలు దద్దరిల్లింది. తల్లి పిల్లను ఎత్తుకుని గిరగిరా తిప్పింది, నవ్వింది, ఏడ్చింది. తీరా చూస్తే తాత లేడు.

"ముఖం చెల్లక జారుకున్నాడు," అంటూ కిటికీలోంచి తొంగి చూసి, నోరు తెరిచింది.

కింద తాత వాకర్ భుజాన వేసుకుని మెట్లు రెండేసి చొప్పున దూకుతున్నాడు. కదులుతున్న బస్సు వెంట పరిగెత్తి, ఒక్క గంతులో ఎక్కేశాడు.

"ఆయన కాళ్ళు..."

"భేషుగ్గా ఉన్నాయి," అంది డాక్టరమ్మ. "వేరే ఊరి ఆసుపత్రిలో ఒక పిల్లాడు నడవనని మొండికేశాడట. రేపట్నుంచి అక్కడ."

"అయ్యో, నోటికొచ్చినట్టు అనేశానే! ముందే చెప్పకూడదా? ఇంతకీ ఎవరాయన?"

ఎప్పుడూ స్టూలు దిగని డాక్టరమ్మ మెల్లగా లేచింది. ఒక పక్కకు ఒరుగుతూ కిటికీ దాకా నడిచింది. పాదాల దగ్గర పిడుగు కాళ్ళకున్నవాటిలాంటి లోహపు పట్టీలే మెరిశాయి.

"ఈ గంట మా ఇంట్లోదేనండి," అంది దాన్ని నిమురుతూ. "మా నాన్న నన్ను కూడా ఒక్కనాడూ ఊరికే గెలవనివ్వలేదు."