ఆఖరి మాత్ర పేరంటం

డాక్టరు రాసిన ఏడు రోజుల మందు ముగిసే సాయంత్రం, ఆ వీధిలో ఎవరింట్లోనైనా పేరంటమే. ఇవాళ పైడితల్లి వంతు. ఆడవాళ్ళంతా చాపమీద కూర్చున్నారు, నానబెట్టిన శనగలు పళ్ళెంలో ఉన్నాయి. అంతలో, మాత్ర మింగిందీ లేనిదీ కనిపెట్టే మందు డబ్బా మూత ఎర్రగా వెలిగింది.

"ఆఖరి మాత్ర నా దగ్గర్నుంచి వెళ్ళింది గానీ నీ కడుపులోకి చేరలేదు తల్లీ!" అనేసింది డబ్బా అందరి ముందూ.

పైడితల్లికి తల కొట్టేసినట్టయింది. కాలి పుండు ఐదోరోజుకే మానిందని, ఇవాళ్టి మాత్ర తీసి పోపుల పెట్టెలో దాచింది.

"మా తోటికోడలు నూకాలు గొంతు నొప్పంటేనూ, దానికని ఉంచాను," అంది నేలచూపులు చూస్తూ.

"నన్నడగొద్దా అక్కా?" అంది నూకాలు. "పొద్దున్నే క్లినిక్‌లో చూపించుకున్నాను. ఇది ఆ మాత్రలకి తగ్గేది కాదంట. ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే చాలంట."

అందరిలోకీ పెద్దది అప్పాయమ్మ. ఆవిడ కోప్పడలేదు.

"మా అమ్మా పోపుల పెట్టెలోనే దాచేది. ఇంటింటా తలా రెండు మిగిల్చి, తోచినవాళ్ళకి పంచాం. ఒంట్లోని జబ్బు పురుగులు మందుకి లొంగకుండా మొండికేశాయి. మా తమ్ముడికి జబ్బుచేసేసరికి, వాడికి పనిచేసే మాత్ర ఒక్కటీ మిగల్లేదు."

పైడితల్లి లేచివెళ్ళి, ఆవాల మధ్య దాచిన పొట్లం విప్పి మాత్ర మింగింది. డబ్బా మూత పచ్చబడింది. ఆడవాళ్ళు అక్షింతలు వేస్తూ, ఆ వీధిలో ఎప్పుడూ పలికే దీవెన పలికారు.

"నీకు పనిచేసిన మందు మా అందరికీ పనిచెయ్యాలి!"

అందరికంటే గట్టిగా వినిపించింది నూకాలు బొంగురు గొంతే.